కొన్న పశువు వెంట వచ్చు శ్వాసరోగములు
(మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతముల పట్టాదారు రైతుల కొఱకు ఉపన్యాసము)



హైదరాబాదు నగరము నుండి ఉత్తరముగా రెండు పెద్దబాటలు బయలుదేఱుచున్నవి. ఒకటి మేడ్చల్ మీదుగా నాగపురమునకును, రెండవది శామీర్‌పేట చెఱువు ప్రక్కగా సిద్దిపేట, కరీంనగరములకును పోవుచున్నవి. నిజాము ప్రభుత్వకాలమున ఈ బాటల మీద పశువులు కాలినడకను వచ్చెడివి. సంతలో కొన్న యెద్దును ఇల్లు చేర్చుటకు నాలుగైదు దినములు పట్టినను ఎవరును ఆశ్చర్యపడెడివారు కారు. పశువునకు దగ్గు గాని జ్వరము గాని యున్నచో ఆ నడకలోనే బయటపడెడిది. ఇప్పుడట్లు కాదు. హర్యానా రాష్ట్రపు ముఱ్ఱా గేదె లారీ యెక్కి, 1,500 కిలోమీటర్లకు పైబడిన దూరమును రెండు మూడు దినములలో గడచి, తెల్లవాఱునప్పటికి మేడ్చల్ రైతు కొట్టము ముందు దిగుచున్నది. రోగము అంటిన పిమ్మట పైకి కనబడుటకు పట్టు కాలము కంటె ప్రయాణకాలము తక్కువయైనది. త్రోవలో బయటపడవలసిన జబ్బు ఇప్పుడు రైతు ఇంటి గాటిపాటనే బయటపడుచున్నది. ఈ యుపన్యాసమున చెప్పదలచినదంతయు ఈ యొక్క సంగతి చుట్టును తిరుగుచుండును.

పశువు లారీ దిగినప్పుడు బాగుగనే యుండును. బేరమాడిన దళారి కూడ నిజముగనే చెప్పియుండవచ్చును. మూడవ నాటి నుండి ఏడవ నాటి లోపల అది మేత తగ్గించును, నెమరు వేయుట మానును. మూతిపై నుండవలసిన చెమ్మ ఆఱిపోవును. ముక్కు నుండి మొదట నీరు, పిదప చిక్కని చీమిడి కారును. కండ్ల వెంట నీరు ధారగట్టును. జ్వరము 104 డిగ్రీలు మొదలుకొని ఒక్కొక్కప్పుడు 107 డిగ్రీల వఱకు పోవును. పాలు ఒక్కసారిగ పడిపోవును. రైతు దానికి "నీళ్లు పడలేదు" అని యొక కారణమును, "దిష్టి తగిలినది" అని వేఱొక కారణమును చెప్పుకొని నాలుగు దినములు ఊరకుండును. ఆ నాలుగు దినములలో ప్రక్కన కట్టిన పాతగేదెయు, ఇంటి దూడలును దగ్గుట కారంభించును. కొన్న పశువు కోలుకొనవచ్చును, దూడ చచ్చిపోవును. అట్టి యింట నష్టము గేదె వెలతో పోదు, రాబోవు ఈతల వఱకు సాగును.

ఇట్లేల జరుగుచున్నది? పశువు ముక్కు మొదలు ఊపిరితిత్తుల వఱకు గాలి పోవు గొట్టమునకు లోపల సన్నని వెండ్రుకల వంటివి కలవు. అవి నిరంతరము కదలుచు, పీల్చిన దుమ్మును, సూక్ష్మజీవులను జిగటతో కూడ పైకి త్రోయుచుండును. వైరసు అను అతిసూక్ష్మమైన రోగబీజము ఈ పొరను చెఱచును. పొర చెడిన పిమ్మట, అంతవఱకు ముక్కులోను గొంతులోను హానిచేయక కాచుకొనియున్న మాన్‌హీమియా, పాశ్చరెల్లా అను బాక్టీరియా జాతులు క్రిందికి దిగి ఊపిరితిత్తులను పట్టుకొనును. తలుపు తెఱచినది ఒకరు, ఇల్లు దోచినది మఱియొకరు. పశువును చంపునది సాధారణముగ ఆ రెండవవాడే. లారీలో నిలువుకాళ్లపై ప్రయాణము, దప్పిక, ఎండ, ఊరూరి పశువులతో ఒరసికొనుట, ఇవన్నియు కలిసి పశువు యొక్క రోగనిరోధక శక్తిని కుంగదీయుటచే ఈ రెండు పనులును సులభమగుచున్నవి. గొంతువాపు జబ్బుతో దీనిని పొరబడరాదు. గొంతువాపు కేవలము బాక్టీరియా వలన కలుగునది; గొంతు క్రింద వాచి, గురకపెట్టుచు ఒకటి రెండు దినములలోనే పశువును చంపును. దానికి తొలకరికి ముందు వేయించు టీకా చాల కాలము నుండి కలదు.

అమెరికా దేశమున దీనికి రవాణా జ్వరమని పేరు. అచ్చట మాంసము కొఱకు పెంచు దూడలను వేలకొలది గ్రామముల నుండి పోగుచేసి, లారీలలో తోలి, పెద్ద పెద్ద మేపుదొడ్లలో నింపుదురు. ఆ దేశపు మాంసపశువులకు అన్నింటికంటె ఎక్కువ ధననష్టము కలిగించు వ్యాధి ఇదియే. మన ప్రాంతమున అట్టి దొడ్లు లేవు. 1977 నాటి చట్టము ప్రకారము ఆవును, ఆవుదూడను, గేదెదూడను వధింపరాదు. ఇతర పశువులను అధికారి పత్రము లేనిదే వధింపరాదు. కావున నగరమునకు పెద్దపశువుల మాంసము విశేషముగ వట్టిపోయిన గేదెల నుండియు దున్నల నుండియు వచ్చుచున్నది. ఇప్పటి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోనే చెంగిచెర్ల యొద్ద మాంసమును గూర్చిన జాతీయ పరిశోధనాసంస్థ కలదు. మేపుదొడ్లు లేకపోయినను అమెరికా దొడ్లలో జరుగు కలయిక ఇచ్చట సంతలోను, దళారుల కొట్టములలోను జరుగుచున్నది. పాడికని తెచ్చిన గేదెయు, మాంసమునకని పోవు దున్నయు ఒకే తొట్టిలో నీరు త్రాగును. ఆ తొట్టి వద్ద వైరసునకు రెండింటి నడుమ భేదము లేదు.

ఈ వైరసులు ఒకటి కాదు, అయిదాఱు కలవు. వానిలో ఐ.బి.ఆర్. అనునది ముఖ్యము. దానికి ఎఱ్ఱముక్కు జబ్బనియు పేరు. ఇది ఐరోపాలో పందొమ్మిదవ శతాబ్దము నుండియు పశువుల జననేంద్రియములపై పొక్కులు పుట్టించు చిన్నజబ్బుగా తెలిసియుండెను. 1950 ప్రాంతమున అమెరికా పశ్చిమ రాష్ట్రముల మేపుదొడ్లలో పశువులు కిక్కిరిసిన పిమ్మట అదియే ముక్కును గొంతును పట్టుకొను తీవ్రరోగముగ బయలుదేఱెను. పారాఇన్‌ఫ్లుయెంజా-3 అను వైరసును 1959లో రవాణా జ్వరము సోకిన దూడల నుండి వేఱుచేసిరి. శ్వాసకోశమును పట్టు సిన్సీషియల్ వైరసు ఐరోపాలో 1960 దశాబ్దపు చివర కనుగొనబడెను. ఇది దూడలకు మిక్కిలి ప్రమాదకరము. పశువుల కరోనా వైరసు ఒకటి, బి.వి.డి. అను అతిసారపు వైరసు ఒకటి కలవు. 2011లో అమెరికాలో ఒక పంది నుండి బయటపడిన ఇన్‌ఫ్లుయెంజా-డి అను క్రొత్త వైరసునకు నిజమైన నివాసము పశువులేనని పిదప తేలెను.

ఇవి ఊరూరికి, దేశదేశమునకు రూపు మార్చుచుండును. దీనిని గ్రహించుటకు పట్వారీ దస్తరము మంచి ఉపమానము. ప్రతి వైరసునకును లోపల ఒక వ్రాత కలదు. అది పశువు ఒంటిలో తన వ్రాతకు లక్షలాది నకళ్లు తీయుచు పెరుగును. ఐ.బి.ఆర్. వైరసు వ్రాత సుమారు 1,35,000 అక్షరముల పొడవు. అది నకలు తీయునప్పుడు, అసలు పహాణీతో సరిచూచుకొను శ్రద్ధగల గుమాస్తా వలె, తప్పులను దిద్దుకొనును. కావున ఐ.బి.ఆర్. జాతిలో ఉపభేదములు కొలదిగనే యున్నవి. ఒక దేశపు వైరసునకును మఱియొక దేశపు వైరసునకును స్వల్పమైన వ్యత్యాసమే కనబడును. సిన్సీషియల్ వైరసు, పారాఇన్‌ఫ్లుయెంజా, బి.వి.డి., ఇన్‌ఫ్లుయెంజా వైరసుల వ్రాతలు చిన్నవి, పది పదునైదువేల అక్షరములు. అవి సరిచూచుకొనవు. సుమారు పదివేల అక్షరములకొక తప్పు దొరలును, అనగా తీసిన ప్రతి నకలులోను ఇంచుమించుగ ఒక తప్పు. తప్పుల నకళ్లలో పెక్కు పనికిరాక నశించును. ఏదో యొకటి మాత్రము వెనుకటి దానికంటె బాగుగ బ్రతుకును. దానినుండి క్రొత్త వంశము బయలుదేఱును. కరోనా జాతికి వ్రాత 30,000 అక్షరములకు పైబడినను కొంత దిద్దుకొను ఏర్పాటు కలదు.

ఈ కారణముచే పారాఇన్‌ఫ్లుయెంజా-3కు ఎ, బి, సి అను మూడు వంశములు ఏర్పడినవి. బి.వి.డి.కి ముందు రెండు జాతులే తెలిసియుండెను. 2004లో బ్రెజిల్ దేశపు దూడల నెత్తుటిరసమున మూడవ జాతి కనబడెను. అట్టిది హిందూదేశపు పశువులలోను కలదని భోపాలులోని పశువ్యాధుల జాతీయ సంస్థవారు చూపిరి. ఒక జాతికి చేసిన టీకా మఱియొక జాతిని పూర్తిగ ఆపదు. పరీక్ష కూడ ఒక్కొక్కప్పుడు క్రొత్త జాతిని పట్టజాలదు. పశువు ఎచ్చటి నుండి వచ్చినదో ఆ చోటి వంశమునే తెచ్చును గనుక, నాలుగు రాష్ట్రముల పశువులు ఒక సంతలో చేరినపుడు నాలుగు వంశముల వైరసులు చేరినట్లే. ఇంటి పశువునకు ఇరుగుపొరుగు వైరసులతో పరిచయముండి కొంత బలముండవచ్చును. దూరపు వంశమునకు అది చాలక పోవచ్చును.

అయినను వంశభేదముండుట మాత్రముననే టీకా వ్యర్థమని అనుకొనుట సరికాదు. ముసర జబ్బు చరిత్ర దీనికి సాక్ష్యము. పెద్దల నోట దాని పేరు విననివారు ఈ ప్రాంతమున అరుదు. ఒక్క కోడె మిగులక కొట్టములు ఖాళీయగుటయు, మోట తోలుటకు జత దొరకక మడులు బీడుపడుటయు ఆ రోగకాలపు మాటలే. ముసర వైరసునకు ఆఫ్రికాలో రెండు వంశములు, ఆసియాలో ఒకటి, మొత్తము మూడు కలవు. అయినను వాని పైపొర ఒకే తీరున నుండుటచే ఒక్క టీకా మూడింటిని ఆపెను. ముక్తేశ్వరపు ప్రయోగశాలలో ఎడ్వర్డ్సు దొర మేకలలో పెంచి చేసిన టీకాయు, పిదప వచ్చిన కణపోషణ టీకాయు వాడుచు, 1954లో దేశవ్యాప్తముగ నిర్మూలన కార్యక్రమము మొదలుపెట్టబడెను. దేశమున చివరి రోగము 1995లో తమిళనాడులో కనబడెను. 2011లో ప్రపంచమున ఆ వ్యాధి లేదని ప్రకటింపబడెను. గాలికుంటు సంగతి వేఱు. దాని వైరసునకు ఏడు రకములు కలవు, ఒక రకపు టీకా మఱియొక రకమును ఆపదు. కావుననే మన దేశపు టీకాలో ఓ, ఎ, ఆసియా-1 అను మూడు రకములను చేర్చుచున్నారు. వైరసు ఎంత మాఱినదని కాక, టీకా గుఱుతుపట్టు చోటనే మాఱినదా అని విచారింపవలెను.

ఐ.బి.ఆర్. విషయము వీనికన్నిటికంటె భిన్నము. అది అంతగా మాఱదు గాని దాగును. రోగము తగ్గిన పిమ్మట ఆ వైరసు పశువు ముఖపు నరముల మూలమున చేరి జీవితాంతము నిద్రించును. పశువు చక్కగ మేయును, ఈనును, పాలిచ్చును. ఎవరికిని అనుమానము కలుగదు. లారీ ప్రయాణము, ఈత, తీవ్రమైన ఎండ, మఱియొక జబ్బు, వీనిలో ఏదైన సంభవించినపుడు అది మేల్కొని మరల ముక్కులోనికి వచ్చి ప్రక్క పశువులకు అంటును. డెక్సామెథసోన్ వంటి స్టెరాయిడ్ సూదిమందు కూడ దానిని మేల్కొల్పును. ఊరిలో తెలిసీ తెలియని వైద్యము చేయువారు ప్రతి జ్వరమునకును ఈ సూదిని వాడుట కలదు. పశువు ఆ పూటకు లేచి మేయును గనుక రైతునకు అది అద్భుతముగ తోచును. ఇది నిలువవలసిన అలవాటు.

హిందూదేశమున ఐ.బి.ఆర్. మొదట 1976లో ఉత్తరప్రదేశ్‌లో బయటపడెను. ఇప్పుడు దేశమున పెక్కు రాష్ట్రములందు కలదు. ముక్కు జబ్బుతో ఆగక, చూడిపశువులలో విశేషముగ అయిదవ నెల మొదలు ఎనిమిదవ నెల వఱకు ఈసుకుపోవుటకు కారణమగును. రైతు ఆ నష్టమును ముక్కు కారుటతో జతపఱుపడు. ఎందుకనగా రెండింటి నడుమ వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు గడచియుండును. వీర్యము వలనను ఇది వ్యాపించును. ద్రవనత్రజనిలో నిలువయుంచిన వీర్యమున పశువీర్యకణములు బ్రతికినట్లే వైరసును బ్రతికియుండును. అందుచేతనే కేంద్రప్రభుత్వ నిబంధనలు వీర్యకేంద్రములలోని ఆబోతులకు ఈ పరీక్షను విధించుచున్నవి. కరీంనగరములో అట్టి కేంద్రమొకటి కలదు. ఊరి దున్నపోతునకు అట్టి పరీక్ష ఎవరును చేయరు. పరీక్ష చేయని దున్నను పది యిండ్ల గేదెలకు దాటించుట కంటె, పరీక్ష చేసిన వీర్యముతో చూలు కట్టించుట మేలు. పరీక్షించుటకు వీలున్నచో ఊరి దున్న వలనను హాని లేదు.

డెన్మార్కు, స్విట్జర్లాండు, ఆస్ట్రియా దేశములవారు రోగముగల పశువులను ఏఱివేసి ఐ.బి.ఆర్.ను తమ దేశముల నుండి తొలగించుకొనిరి. అట్లు పశువులను తీసివేయుట మన చిన్నరైతులకు సాధ్యము కాదు. మన చోట టీకాయే దారి. అయితే సాధారణపు టీకా వేసినచో, పరీక్షలో టీకా వేసిన పశువును రోగమంటిన పశువును ఒకేవిధముగ కనబడును. అందుకొఱకు వైరసు పైపొరలోని జి.ఇ. అను ఒక మాంసకృత్తును తొలగించి టీకా చేయు పద్ధతి ఏర్పడెను. నెత్తుటిలో జి.ఇ. కెదురు పదార్థము కనబడినచో అది నిజముగ అంటిన రోగము, కనబడనిచో టీకా. హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ ఇట్టి టీకాను తయారుచేసి విపణికి తెచ్చినది. శామీర్‌పేట బాట వెంబడి జీనోమ్ వ్యాలీ అను పేర మనుష్యుల టీకాలు చేయు పెద్ద పెద్ద కట్టడములు లేచియున్నవి. వాని ప్రహరీ ప్రక్కనే మేయు గేదెకు మాత్రము ఏ టీకా పడినదో యజమానికి తెలియకుండుట విచారకరము. చెవికి తగిలించు 12 అంకెల పోగు సంఖ్యపై టీకాలు నమోదగును గనుక, కొనునపుడు ఆ సంఖ్యను చూచి పశువైద్యుని అడిగినచో సంగతి తేలును. పోగు లేని పశువునకు వెల తగ్గించి అడుగుటలో తప్పులేదు.

బి.వి.డి. దాగు విధము మఱియొకటి. తల్లి చూడిగానున్న మొదటి నాలుగు నెలలలో ఈ వైరసు సోకినచో, కడుపులోని దూడ దానిని తన శరీరమే యని భ్రమించి ఎదిరింపదు. పుట్టిన దూడ జీవితాంతము వైరసును వెలిగ్రక్కుచుండును. అది ఎదుగక చచ్చినను చావవచ్చును, చూపునకు బాగుగనే యున్నను ఉండవచ్చును. ఒక కొట్టములో దూడలు మాటిమాటికి దగ్గుతో పోవుచున్నచో, అట్టి దూడ ఒకటి యున్నదేమోయని చెవి తునకతో పరీక్ష చేయించుట యుక్తము.

ఇక రైతు చేతిలోనున్న పని. కొన్న పశువును 21 దినములు వేఱుగ కట్టవలెను. పైన చెప్పిన శ్వాసవైరసులలో చాల వఱకు అంటిన వారములోపల పైకి కనబడును. కనబడిన పిమ్మట పది పదునాలుగు దినములు ముక్కు నుండి వెడలుచుండును. ఈ రెండును కలిపినచో మూడు వారములగును. గాలికుంటునకును ఈ గడువు చాలును. చోటు లేదను మాట తఱచు వినబడుచుండును. దీనికి పక్కా కొట్టము అక్కఱలేదు; పాత కొట్టమునకు ఇరువది ముప్పది అడుగుల ఆవల, గాలి క్రొత్త పశువు నుండి పాతపశువులమీదికి వీవని దిక్కున, ఒక చింతచెట్టు నీడ చాలును. వేఱు కుడితి తొట్టి, వేఱు చెంబు, వేఱు పలుపు ఉండవలెను. జీతగాడు పాతపశువులకు ముందు మేతవేసి, పాలు పితికి, చివరకు క్రొత్తదాని యొద్దకు పోవలెను గాని ముందు దానిని తాకి పిదప ఇటు రారాదు. ఎన్ని ఏర్పాట్లు చేసినను ఈ యొక్క వరుస తప్పినచో ఫలము లేదు. ఉదయమున జ్వరముకఱ్ఱతో వేడి చూచి గోడమీద బొగ్గుతో వ్రాసికొనుట మంచిది. 103 డిగ్రీలు దాటినచో దగ్గు రాకముందే తెలియును.

లారీ దిగిన పశువునకు మొదట నీరు, పిమ్మట ఎండుగడ్డి. దాణా మఱునాటి నుండి కొద్దికొద్దిగ పెట్టవలెను. జబ్బుపడిన పశువు కట్టిన నేలను, తొట్టిని వందపాళ్ల నీటిలో నాలుగుపాళ్లు చాకలిసోడా కలిపి కడిగినచో ఈ వైరసులు నిలువవు. ఎండ కూడ వానికి శత్రువు. చలికాలమున కొట్టమునకు నలువైపుల గోనెపట్టలు బిగించి గాలి ఆడకుండ చేయుట ఆచారమైనది. చలి వలన వచ్చు దగ్గు కంటె, మూత్రపు ఘాటుతో నిండిన మూసిన గాలి వలన వచ్చు దగ్గే దూడలకెక్కువ. పట్ట ఒక వైపున పైభాగమైన తెఱచి యుంచవలెను.

ఐ.బి.ఆర్. గాని, బి.వి.డి. గాని మనుష్యులకు అంటవు. కావున పాలు పాఱబోయవలసిన పనిలేదు, కాచి త్రాగవచ్చును; సూదిమందులు పడినచో వైద్యుడు చెప్పిన గడువు దాటిన పిమ్మటనే అమ్మవలెను. జ్వరముతోనున్న పశువును తక్కువ వెలకు మాంసమునకు తోలివేయుట మాత్రము రెండు విధముల చెఱుపు. మందు పడిన మాంసము తినువానికి మంచిది కాదు. ఆ పశువు మరల సంతతొట్టి యొద్ద నిలుచును.

జబ్బు కనబడినపుడు 1962 సంఖ్యకు టెలిఫోను చేసినచో సంచార పశువైద్యశాల వచ్చును. ఏ వైరసో, ఏ వంశమో తెలియవలెనన్నచో జ్వరము వచ్చిన మొదటి మూడు నాలుగు దినములలోనే ముక్కు లోపల దూదిపుల్లతో నమూనా తీయింపవలెను. చీమిడి చిక్కబడిన పిమ్మట తీసినచో బాక్టీరియా తప్ప వైరసు దొరకుట కష్టము. ఆ సీసాను ఎండలో మోటారు బండి సంచిలో వ్రేలాడదీయక, మంచుగడ్డలు నింపిన డబ్బాలో పెట్టి ఆనాడే పంపవలెను. దానితోపాటు పశువు ఎచ్చట కొనబడినది, ఏ దినమున దిగినది, చెవిపోగు సంఖ్య ఎంత, ప్రక్కన ఎన్ని పశువులున్నవి అను వివరములను ఒక చీటిమీద వ్రాసి జతచేయవలెను. ఈసుకుపోయిన దూడను మాయతో కూడ కుక్కలకు వేయక, వైద్యునికి చూపువఱకు తడిగోనెలో చుట్టి చల్లనిచోట నుంచవలెను.